పిల్లల వైపు కూర్చున్న మనిషి

సినిమా చూడకుండానే దాని మీద తీర్పు చెప్పేవాళ్లు లోకంలో బోలెడుమంది ఉంటారు. జీతం తీసుకుని మరీ ఆ పని చేసే మనిషిని నేను చూసింది మా స్టూడియోలోనే. ఆవిణ్ణి అందరూ గంటక్క అంటారు. అసలు పేరు జీతాల గదిలోవాళ్లకి తెలిసుండాలి, నాకు తెలీదు. పక్కపక్కనే తల నెరిసేదాకా పనిచేసి పేరు తెలీదంటే సిగ్గుచేటే గానీ, ఆవిడకీ నా పేరు తెలీదు. నేను కత్తెరని.

మేం పిల్లల పుస్తకాలని బొమ్మల సినిమాలుగా తీస్తాం. బొమ్మలకి రంగులు పడకముందే, ఇంకా పెన్సిలు గీతలుగా ఉండగానే, సినిమా మొత్తాన్నీ ఒకసారి అతికించి దగ్గర్లోని బడి పిల్లల్ని పిలిచి చూపిస్తాం. కింద చిన్న హాలు, అందులో మోకాలెత్తు కుర్చీలు. పిల్లలందరూ తెర వైపు చూస్తూ కూర్చుంటే, గంటక్క తెరకి వీపు పెట్టి పిల్లల వైపు చూస్తూ కూర్చుంటుంది. ఆవిడ చేతిలో ఒక తీగ ఉంటుంది, దాని చివర ఒక మీట. పిల్లలు కదిలితే మీట నొక్కుతుంది. పైన నా గదిలో గంట మోగుతుంది. అదే సినిమా నా ముందున్న చిన్న తెర మీద నడుస్తూ ఉంటుంది కాబట్టి, గంట మోగిన చోట నేను గుర్తు పెట్టుకుంటాను. ఒకే సీన్లో మూడుసార్లు మోగిందంటే, ఆ సీన్లో మొదటి గంట తర్వాత ఉన్నదంతా కత్తెరపాలు. ఇది మా పాత యజమాని పెట్టిన రూలు. ఆయన పోయాడు, రూలు ఉండిపోయింది.

కదలడం అంటే ఏ కదలికైనా కాదు. ముక్కులో వేలు పెట్టుకున్నవాడు సినిమాలో మునిగి ఉన్నట్టే లెక్క. పక్కదాని జడ లాగినవాడు బయటికొచ్చేసినట్టు. చెప్పు విప్పి మళ్లీ తొడుక్కుంటే గంట. ఒంటేలుకి లేస్తే దాన్ని కూడా వదలదు. "బాగున్న సినిమాలో పిల్లలకి ఒంటేలు రాదు" అంటుంది. దర్శకులు కొందరు ఈ మాట మీద ఆవిడతో కొట్లాటకి దిగారు. పిల్లాడికి నిజంగానే వచ్చుంటుంది, ప్రకృతికి నా సినిమా ఏం అడ్డమని ఒకాయన నా గదిలో కుర్చీ తన్నాడు. ఆ కుర్చీ కాలు ఇప్పటికీ కుంటుతుంది.

ఆవిడ ఈ పనిలోకి రావడం కూడా ఒక తమాషా. మొదట్లో సినిమా చూపించడానికి పిల్లల్ని తీసుకొచ్చిన తల్లుల్లో ఒకావిడ, అంతే. ఆ రోజు పిల్లకి కడుపులో బాగాలేదు, ఎప్పుడు కక్కుకుంటుందోనని ఈవిడ సినిమా అంతా దాని మొహమే చూస్తూ కూర్చుంది. పాత యజమానికి ఎవరైనా తెర చూడకుండా అంతసేపు కూర్చోవడం వింతగా కనిపించింది. తెర మీద అంత గోల జరుగుతుంటే తల తిప్పని మనిషి దొరకడం కష్టమని, అక్కడికక్కడే పనిలో పెట్టుకున్నాడు. పిల్ల కక్కుకోనేలేదట. ఉద్యోగం మాత్రం వచ్చింది.

జనం అనుకుంటారు, రోజూ పిల్లల మొహాలు చూడటమంటే ఎంత హాయో అని. నవ్వే మొహాలతో ఆవిడకి పనే లేదు. నవ్వు ఎప్పుడు ఆరిపోతుందా అని కాపు కాయడమే ఆవిడ పని. చీకట్లో కళ్లు చిట్లించి చిట్లించి ఆవిడ కనుబొమల మధ్య గీత పడిపోయింది. ఎక్కడున్నా బొటనవేలు దానంతటదే కదులుతుంది. ఆవిడ భర్త బస్సు డ్రైవరుగా చేసి మానేసినవాడు, మాటకారి. "నేను కబుర్లు చెప్తుంటే ఎదుటివాళ్లకంటే ముందు ఈవిడ వేలు చూస్తానండీ. అది కదిలిందా, నోరు మూసేస్తా" అన్నాడు నాతో. కూతురు అసలు తల్లిని సినిమాలకి తీసుకెళ్లడమే మానేసింది. టిక్కెట్టు కొనుక్కుని వచ్చి పక్కవాళ్ల మొహాలు చూస్తూ కూర్చుంటే ఎవరికైనా ఒళ్లు మండదూ?

చిన్న యజమాని, అంటే పాతాయన కొడుకు, ఆమధ్య ఆవిడ బదులు కెమెరా పెట్టి చూశాడు. పిల్లలు కెమెరాకి నాలుకలు చూపిస్తూ సినిమా సంగతే మర్చిపోయారు. దాంతో గంటక్క మళ్లీ వచ్చి కూర్చుంది. వచ్చినందుకు సంతోషించిందనుకున్నాను. మెట్ల దగ్గర నాతో ఒకటే మాట అంది.

"పీకేస్తారేమోనని ఆశపడ్డాను తమ్ముడూ. విసుగు చూసీ చూసీ నాకే విసుగొచ్చేసింది."

అలాంటి రోజుల్లో మా పెద్దాయన తన చివరి సినిమా మొదలుపెట్టాడు. పెద్దాయనంటే మా దర్శకుల్లో అందరికంటే పాతవాడు. ఒక కన్ను దాదాపు పోయింది, రెండోది పోయే దారిలో ఉంది. డాక్టరు వెలుతురు తెరల ముందు కూర్చోవద్దని చెప్పేశాడు. ఇదొక్కటి తీసి మానేస్తానన్నాడు. ఆయన ఎంచుకున్న పుస్తకం అందరూ చిన్నప్పుడు చదివిందే. రేవులో ఒక మేక, దాన్ని పెంచుకునే పడవవాడు. మేక పడవవాడి టోపీ తినేస్తుంది, తాడు కొరికేస్తుంది, నానా అల్లరీ చేస్తుంది. ఒకరోజు పడవ వేళకి రాదు. ఒక పేజీ నిండా ఉత్త నీళ్లూ, రేవు చివర మేకా. కింద ఒకే ముక్క: "మేక నిలబడింది." పేజీ తిప్పితే పడవ వచ్చేస్తుంది.

పిల్లలు ఆ పేజీని రెప్పపాటులో తిప్పేస్తారు, టోపీ లేదు కదా అందులో. పెద్దాయన ఆ ఒక్క పేజీని పెద్ద సీను చేశాడు. మేక నిలబడి ఉంటుంది. వెలుతురు మారుతుంది. నీళ్లు రాళ్లకి తగిలి వెనక్కి పోతాయి. మేక ఒక చెవి కదిలిస్తుంది. అంతే. సంగీతం లేదు, మాట లేదు, చివరికి నీళ్ల చప్పుడు కూడా తీసేయించాడు. నేను అతికిస్తూ మొదటిసారి చూసినప్పుడు కత్తెర పక్కన పెట్టేశాను. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. మా నాన్న గుర్తొచ్చాడని చెప్తే అబద్ధమవుతుంది, ఎవరూ గుర్తు రాలేదు. ఊరికే ఏడుపొచ్చింది.

చిన్న యజమానికి మాత్రం ఒళ్లు మండింది.

"పెద్దాయనా, ఇది పిల్లల సినిమా. మేక ఏదో ఒకటి చెయ్యాలి కదా!"

"చేస్తోందిగా. ఎదురుచూస్తోంది."

"అది పిల్లలకి నచ్చాలిగా!"

"ఎందుకు నచ్చాలి?" అన్నాడు పెద్దాయన. "పుస్తకం చదివిన పిల్లలందరూ ఇప్పుడు నీలా గడ్డాలు గీసుకుంటున్నారు. ఇప్పుడు చదివేవాళ్లూ రేపు గీసుకుంటారు. ఏదో ఒక రోజు వాళ్లకి ఎదురుచూడాల్సి వస్తుంది, అప్పుడు గుర్తొస్తుందిలే. పిల్లల పుస్తకం కదా అని ప్రతి ముక్కా వాళ్లకి గిలిగింతలు పెట్టాలని ఎక్కడుందోయ్?"

"అయితే పుస్తకం మీద పిల్లల బొమ్మ ఎందుకుంది? పిల్లలు చూస్తారనే కదా వాళ్ల అమ్మానాన్నలు తీసుకొస్తారు. తీరా తీసుకొచ్చాక పిల్లలు కుర్చీల కిందకి దూరితే వాళ్లు నన్ను తిట్టరా?"

నన్నడిగితే ఇద్దరు చెప్పిందీ నిజమే. నన్నెవరూ అడగలేదు. ఎప్పటిలాగే తీర్పు గంటక్కకి వదిలేశారు. మూడు గంటలు మోగాయా, సీను పోతుంది. మోగలేదా, ఉంటుంది. పెద్దాయన తలూపాడు. యజమాని వెళ్లాక నా గదిలో ఆ కుంటి కుర్చీలో కూర్చుని, "ఈ సీను పోతే మిగతాది ఎవరైనా తీయగలరురా. అది నా సినిమా కాదు" అన్నాడు.

ఆ శనివారం పొద్దున పిల్లలొచ్చారు. పైన నేనూ పెద్దాయనా. టోపీ దగ్గర నవ్వులు నేలలోంచి నా కాళ్లకి తెలిశాయి. తాడు కొరికే చోట ఎవడో కేక పెట్టాడు. తర్వాత రేవు సీను వచ్చింది. నిశ్శబ్దం. పెద్దాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. ముసలి చెయ్యే గానీ గట్టిది. మేక నిలబడింది, వెలుతురు మారింది, చెవి కదిలింది. గంట మోగలేదు. పడవ ముక్కు కనిపించింది. గంట మోగలేదు. మూడు కాదు, రెండు కాదు, ఒక్కటి కూడా లేదు!

పెద్దాయన కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. చిన్న యజమాని మెట్లెక్కి వచ్చి, ఓడిపోయినా నవ్వుతూనే చెయ్యి కలిపాడు. "ఒప్పుకున్నా, మీ మేక గెలిచింది" అన్నాడు. ఆ పూట స్టూడియోలో అందరికీ టీ ఆయనదే.

టీ దగ్గర గంటక్క లేదు. అందరూ వెళ్లాక నా గది గుమ్మంలో కనిపించింది. మామూలుగా పిల్లలు వెళ్లగానే తీగ చుట్టి పెట్టి ఇంటికి పోయే మనిషి.

"తమ్ముడూ, ఆ సీను లెక్కలోకి తీసుకోకు."

"ఏం? గంట మోగలేదుగా."

"మోగించాల్సిన మనిషి చూస్తే కదా మోగేది."

జరిగింది ఇది. సినిమాని ఆవిడ ఎప్పుడూ చెవులతోనే చూస్తుంది. వీపు వెనక ఏం నడుస్తోందో చప్పుడుని బట్టి తెలుస్తుంది. ఉన్నట్టుండి చప్పుడంతా ఆగిపోయేసరికి మెషిను పాడైందనుకుంది. పాడైతే లేచి పిల్లల్ని ఆపాల్సింది ఆవిడే. అందుకని వెనక్కి తిరిగింది. మెషిను బాగానే ఉంది. తెర మీద మేక నిలబడి ఉంది. చూసి మళ్లీ ఇటు తిరగాలి కదా. తిరగలేదు.

"ఇక చూస్తూ ఉండిపోయానయ్యా" అంది. "పడవ వచ్చాక గుర్తొచ్చింది, నా వెనక పిల్లలున్నారని. అంతసేపూ వాళ్లు ఏం చేశారో నాకు తెలీదు."

నాకు ఆవిణ్ణి చూస్తే జాలేసింది, పెద్దాయన్ని తలుచుకుంటే భయమేసింది. "అక్కా, ఊరుకున్నంత ఉత్తమం లేదు. ఒక్క సీను. పెద్దాయన పని మానేస్తూ తీసిన సినిమా. నువ్వు కావాలని చేసింది కాదు కదా. ఎవడికి నష్టం?" అన్నాను.

"అదే అనుకుని మెట్లు దిగాను. మళ్లీ ఎక్కాను."

"చెప్పడమంటే కొరివితో తల గోక్కోవడం."

"గోక్కుంటాలే" అంది. మరుసటి పొద్దున, పెద్దాయన మెట్లెక్కుతూ మధ్యలో ఆయాసం తీర్చుకునే చోట నిలబడి చెప్పేసింది. నేను పై మెట్టు మీదే ఉన్నాను.

పెద్దాయన ముందు కోప్పడ్డాడు. "ఇన్నేళ్లలో ఒక్కసారి తల తిప్పని దానివి, నా సినిమాకే తిప్పాలామ్మా?"

"తప్పైపోయిందండీ అన్నగారూ."

"సరే, తిప్పావు. పిల్లలు ఏం చేశారు?"

"తెలీదండీ."

"ఒక్కడైనా… ముందు వరసలో ఒక్కడైనా?"

"తెలీదండీ. చెప్పానుగా, నేను చూడలేదు."

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. పిల్లలకి ఎందుకు నచ్చాలని యజమాని మీద ఒంటికాలి మీద లేచిన మనిషి, ఆ పిల్లలు ఏం చేశారో తెలీక ఆ మెట్టు మీద చిన్నబోయి కూర్చున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అప్పుడైనా ఊరుకుని ఉండొచ్చు. సీను ఉంది, యజమాని ఒప్పుకున్నాడు, ముగ్గురం నోరు మూసుకుంటే నాలుగో మనిషికి తెలీదు. ఆ మాటే అన్నాను.

"గెలిచానో లేదో తెలీని గెలుపు నాకెందుకురా కత్తెరా?" అన్నాడు. "ఆ వెధవలు అంతసేపూ ఏం చేశారో తెలీకుండా ఇంట్లో ఎలా కూర్చోను?"

ఆయనే వెళ్లి యజమానికి చెప్పాడు. యజమాని తల పట్టుకున్నాడు. చిన్నప్పుడు ఆ హాల్లో ఆ కుర్చీల్లోనే కూర్చుని గంటక్క కళ్లముందు పెరిగినవాడు, ఆవిణ్ణి పిన్నీ అంటాడు. తిట్టలేకపోయాడు. "ఏం పిన్నీ, నా మీద కూడా ఇన్ని గంటలు కొట్టావు, ఆ ఒక్క మేకని చూసి మర్చిపోయావా?" అన్నాడంతే. మళ్లీ చూపించడానికి ఒప్పుకున్నాడు. ఈసారి వేరే బడి పిల్లలు.

ఆ రోజు గంటక్క హాల్లోకి వెళ్లే ముందు నా గదికొచ్చి నీళ్లు తాగింది. మొహం పీక్కుపోయి ఉంది. "ఏదో ఒకటి పెట్టి చెవులు మూసుకోకూడదా, అసలు చప్పుడే వినపడకుండా?" అన్నాను. "చెవులతో బాధ లేదు. ఈసారి మెషిను పాడవలేదని తెలుసుగా. వీపే ఊరుకోదు" అంది. వెళ్లిపోయింది.

మళ్లీ టోపీ, మళ్లీ నవ్వులు, తాడు, కేకలు. రేవు వచ్చింది. పెద్దాయన ఈసారి నా మోచెయ్యి పట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, తెరని కాదు, గోడ మీద గంటని చూస్తున్నాడు.

మేక నిలబడింది. కాసేపు ఏమీ లేదు. నాకు ఆశ పుట్టింది. అప్పుడు ఒక గంట మోగింది.

పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. వెలుతురు మారింది. రెండోది మోగింది. ఆ తర్వాత ఆగింది. నీళ్లు వచ్చి పోయాయి, మళ్లీ వచ్చాయి. మేక చెవి కదిలించింది. నేను లోలోపల బతిమాలుకుంటున్నాను, ఎవర్నో తెలీదు, గంటక్కనా, పిల్లలనా, పడవనా. సీను దాదాపు అయిపోయింది. పడవ ముక్కు కనిపించడానికి ఇంకెంతో లేదు.

మూడో గంట మోగింది. వెంటనే పడవ వచ్చింది, కింద పిల్లలందరూ ఒక్కసారిగా కేకలేశారు.

"ఎవడో ఒంటేలుకి లేచుంటాడు" అన్నాను.

"బాగున్న సినిమాలో రాదుగా" అన్నాడు ఆయన. లేచి చొక్కా సర్దుకున్నాడు. "కోసెయ్. మొదటి గంట దాకా ఉంచు. పుస్తకంలో వాళ్లు ఆ పేజీ దగ్గర ఆగేది కూడా అంతసేపే కదా."

ఆ మాట వెటకారమో నిజమో నాకు తెలీలేదు. ఆయన గోడ పట్టుకుని కిందకి దిగుతుంటే వెనకే వెళ్లాను, మెట్లు కనిపించవు ఆయనకి. హాల్లో పిల్లలు వెళ్లిపోయారు. కుర్చీలు చిందరవందరగా ఉన్నాయి. గంటక్క తీగ చుడుతోంది. మమ్మల్ని చూసి నిలబడింది.

"మూడోది ఎవరమ్మా?" అన్నాడు.

"రెండో వరసలో ఒక పిల్లండీ. పక్కదానితో మాట్లాడింది."

"ఏమంది?"

"ఆకలేస్తోందంది."

పెద్దాయన నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఒక చిన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి.

"పోనీలే. ఒకటడుగుతా చెప్పు. ఆ రోజు నువ్వు మొత్తం చూశావుగా. ఎలా ఉంది?"

"పిల్లలు మొదట బాగానే…"

"పిల్లల సంగతి గంట చెప్పిందిలే. నీకెలా ఉంది?"

ఆవిడ తీగ చుట్టడం ఆపేసింది. నా వైపు చూసింది, నేనేమైనా అందిస్తానేమోనని. నేనేం అందిస్తాను? అప్పుడు నాకు తట్టింది, ఈ స్టూడియోలో ఇన్ని సినిమాలు ఆవిడ వీపు వెనక నడిచాయి, ఇన్ని సీన్లు ఆవిడ మాట మీద పోయాయి, నీకెలా ఉందని మాత్రం ఆవిణ్ణి ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. పేరే అడగనివాణ్ణి.

ఆవిడ తీగ కింద పెట్టింది.

"నాకు కాళ్లు లాగాయండీ" అంది. "కూర్చునే ఉన్నాను. అయినా లాగాయి. ఆ మేక అంతసేపు నిలబడింది కదా. దాన్ని కాసేపు కూర్చోమని ఎవరైనా అంటే బాగుండుననిపించింది. ఎవరూ అనలేదు." తనే మళ్లీ, "మేకతో ఎవరంటారని నవ్వకండి" అంది. కళ్లు తుడుచుకుంది.

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన పక్కనున్న కుర్చీ మీద చెయ్యేసి, "కూర్చో తల్లీ" అన్నాడు.

ఆవిడ కూర్చుంది. వాళ్లిద్దరూ ఆ చిన్న కుర్చీల్లో, ఖాళీ తెర వైపు తిరిగి కూర్చుని ఉండగా నేను పైకెళ్లి సీను కోశాను.